పాఠంగా మారిన ప్రాంతం: డిగ్రీ క్లాసులో దక్షిణాసియా, అందులో మన స్థానం

అమెరికాలోనో ఇంగ్లండులోనో పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలు యూనివర్సిటీలో చేరి 'దక్షిణాసియా అధ్యయనాలు' అనే పేరుతో డిగ్రీ చేయొచ్చు. మూడు నాలుగేళ్లపాటు హిందీయో, సంస్కృతమో, తమిళమో, కొన్ని చోట్ల తెలుగో నేర్చుకుంటారు. దాంతోపాటు ఈ నేల చరిత్ర, మతాలు, సాహిత్యం, రాజకీయాలు చదువుతారు. వీలైతే ఒక ఏడాది ఇక్కడికే వచ్చి ఉండిపోతారు. ఇలాంటి డిగ్రీలు ఆఫ్రికా మీద, లాటిన్ అమెరికా మీద, అరబ్బు దేశాల మీద, తూర్పు ఆసియా మీద కూడా ఉన్నాయి. వీటన్నిటినీ కలిపి ఏరియా స్టడీస్ అంటున్నారు. తెలుగులో ప్రాంతీయ అధ్యయనాలు అనుకోవచ్చు.

ఎక్కడో తెల్లపిల్లలు చదువుకునే డిగ్రీతో దళితులకి పనేమిటని అడగొచ్చు. పని ఉంది. ఆ క్లాసులో ప్రతిరోజూ ఒక 'ఇండియా' తయారవుతుంది. అక్కడ చదివినవాళ్లే తర్వాత దౌత్యాధికారులు, పత్రికా విలేఖరులు, అంతర్జాతీయ సంస్థల ఉద్యోగులు, ప్రొఫెసర్లు అవుతారు. వాళ్లు రాసిన పుస్తకాలు తిరిగి మన యూనివర్సిటీలకే పాఠ్యపుస్తకాలుగా వస్తాయి. మాదిగవాడ గురించీ మాలపల్లె గురించీ ప్రపంచానికి ఏం తెలుసు, ఏం తెలియదు అనేది చాలావరకు ఆ క్లాసులోనే తేలిపోతుంది.

అలాంటి క్లాసులో మూడు స్థానాలుంటాయి. చదివేవాళ్లది ఒకటి, పాఠం చెప్పేవాళ్లది ఇంకొకటి. మూడోది క్లాసులో కనపడదు. అది సమాచారం ఇచ్చేవాళ్ల స్థానం. పరిశోధకుల భాషలో దీన్ని ఇన్ఫార్మెంట్ అంటారు. రెండువందల ఏళ్ల చరిత్ర తిరగేస్తే మొదటి స్థానం తెల్లవాళ్లకి, రెండోది తెల్లవాళ్లతోపాటు బ్రాహ్మణ పండితులకి దక్కాయి. దళితులకి దక్కితే గిక్కితే మూడోదే దక్కింది. ఈ లెక్క ఎలా కుదిరిందో, ఎక్కడ చెదిరిందో చూడటమే ఈ వ్యాసం పని.

కంపెనీ కాలేజీలు

ఒక ప్రాంతం భాషల్నీ చరిత్రనీ ఆచారాల్నీ కలిపి కుర్రవాళ్లకి కోర్సుగా చెప్పడం మనకి సంబంధించినంతవరకు ఈస్టిండియా కంపెనీతో ఊపందుకుంది. 1800లో వెల్లస్లీ కలకత్తాలో ఫోర్ట్ విలియం కాలేజీ పెట్టాడు. 1806లో ఇంగ్లండులో కంపెనీ సొంత కాలేజీ మొదలై తర్వాత హెయిలీబరీలో స్థిరపడి 1858 దాకా నడిచింది. జనాభా సిద్ధాంతం చెప్పిన మాల్థస్ అక్కడే చరిత్ర, రాజకీయ అర్థశాస్త్రం బోధించాడు. ఇండియాకొచ్చి పన్నులు వసూలు చేసి తీర్పులు చెప్పబోయే కుర్రాళ్లు ఆ కాలేజీ విద్యార్థులు.

మనకి దగ్గరిది మద్రాసులోని ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ. 1812లో ఎల్లిస్ పూనికతో ఏర్పడింది. కొత్తగా ఓడ దిగిన సివిలియన్లు ఇక్కడ తెలుగు, తమిళం, కన్నడం లాంటి భాషలు నేర్చుకుని పరీక్షలు రాసేవాళ్లు. 1816లో కాంబెల్ తెలుగు వ్యాకరణానికి ఎల్లిస్ ముందుమాట రాస్తూ దక్షిణాది భాషలు సంస్కృతం నుంచి పుట్టలేదని, వాటిది వేరే కుటుంబమని రుజువులు చూపించాడు. కాల్డ్వెల్ 1856లో ద్రావిడ భాషల పుస్తకం వేయడానికి నలభై ఏళ్ల ముందు మాట ఇది. బ్రాహ్మణేతర ఉద్యమాలకి తర్వాత పెద్ద ఆయుధమైన ఒక ఆలోచన పన్నులు వసూలు చేసేవాళ్ల కాలేజీలో పుట్టిందన్నమాట. ప్రభుత్వం తన అవసరానికి పెట్టిన చదువు ఒక్కోసారి ప్రభుత్వం అనుకోని ఫలితాల్నిస్తుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఐతే ఆ కాలేజీలో తెలుగు ఎవరు చెప్పారు? వేదం పట్టాభిరామశాస్త్రి, రావిపాటి గురుమూర్తిశాస్త్రి లాంటి పండితులు. గురుమూర్తిశాస్త్రి దొరల కోసమే విక్రమార్కుని కథలు వచనంలో రాశారు. వాళ్ల పాండిత్యాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ దొర నేర్చుకున్న తెలుగు వాళ్ల నోటి తెలుగు, వాళ్ల అల్మైరాలో ఉన్న తెలుగు. పొలంలో పన్నుకి సరిపడా పంట పండించే పాలేరు తెలుగు ఆ సిలబస్‌లో లేదు. ఆ పాలేరు మీద తీర్పు చెప్పే అధికారి ఆ సిలబస్ చదివే వచ్చాడు.

ఆ కాలేజీలోనే తెలుగు నేర్చుకుని 1820లో కడప చేరినవాడు సి.పి. బ్రౌన్. పండితులు పక్కన పెట్టిన వేమనని ఆయన పట్టించుకుని 1829లో పద్యాల్ని ఇంగ్లీషు అనువాదంతో అచ్చేయించాడు. రిటైరై లండన్ చేరాక అక్కడి యూనివర్సిటీలో తెలుగు ప్రొఫెసర్‌గా కూడా ఉన్నాడు. బయటివాడు వచ్చి లోపలివాళ్ల తూకంరాళ్లని ప్రశ్నించిన సందర్భమిది. మన సాహిత్య చరిత్రకి మేలే జరిగింది. అయినా ప్రతులు వెతికినవాళ్లు, రాసినవాళ్లు, సరిచూసినవాళ్లు ఎక్కువగా ఆయన జీతమిచ్చి పెట్టుకున్న పండితులే. వేమన పద్యాలు పాడుకుంటూ తిరిగినవాళ్ల పేర్లు ఆ పుస్తకంతోపాటు లండన్ చేరలేదు.

యుద్ధం, గోధుమలు, సిలబస్

1917లో లండన్లో స్కూల్ ఆఫ్ ఓరియంటల్ స్టడీస్ తలుపులు తెరిచింది. సామ్రాజ్యానికి భాషలు తెలిసిన మనుషులు కావాలి. 1938లో ఆఫ్రికా పేరు కూడా దానికి చేర్చారు. అమెరికా కథ వేరు. అక్కడ ఇండియా అంటే చాలాకాలం సంస్కృతమే. 1841లో యేల్‌లో అరబిక్, సంస్కృతాలకి ప్రొఫెసర్ పదవి వచ్చింది. వేదాలు, వ్యాకరణం చదివితే ఇండియా చదివినట్టే అనుకున్నారు.

రెండో ప్రపంచయుద్ధం దీన్ని మార్చింది. బతికున్న మనుషుల భాషలు తెలిసినవాళ్లు తమ దగ్గర లేరని అమెరికా ప్రభుత్వానికి అప్పుడు అర్థమైంది. సంస్కృత పండితుడైన నార్మన్ బ్రౌన్ యుద్ధకాలంలో ప్రభుత్వ గూఢచారి విభాగంలో పనిచేశాడు. యుద్ధం ముగిశాక 1948లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో దక్షిణాసియా ప్రాంతీయ అధ్యయన శాఖ పెట్టించాడు. 1957 అక్టోబర్ 4న రష్యా స్పుత్నిక్‌ని వదిలింది. మరుసటి ఏడాదే అమెరికా జాతీయ రక్షణ విద్యా చట్టం చేసింది. ఆ చట్టం కింద విదేశీ భాషలకి, ప్రాంతీయ అధ్యయన కేంద్రాలకి డబ్బులొచ్చాయి. చట్టం పేరులోనే 'రక్షణ' ఉంది చూడండి. తెలుగు నేర్పడానికి అమెరికాలో జీతాలు రావడం వెనక రష్యా భయం కూడా ఉంది.

రెండో సంగతి గోధుమలు. పి.ఎల్. 480 గోధుమలు మన పెద్దవాళ్లకి బాగా తెలుసు. 1954 నాటి ఆ చట్టం కింద అమెరికా మనకి ధాన్యం అమ్మి రూపాయలు తీసుకుంది. ఆ రూపాయలు ఇక్కడే పేరుకుపోయాయి. 1962 నుంచి ఆ డబ్బుతో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అన్ని భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికన్ యూనివర్సిటీలకి పంపింది. తెలుగు నవలలు, కవిత్వ సంపుటాలు, పత్రికలు అలా ఓడలెక్కాయి. ఇక్కడ జిల్లా గ్రంథాలయంలో చెదలు తిన్న పుస్తకం చాలాసార్లు అక్కడ అట్టతో సహా దొరుకుతుంది. మంచిదే. కానీ ఓడ ఎక్కాలంటే పుస్తకం ముందు అచ్చు కావాలి, అమ్మకానికి రావాలి. అచ్చుయంత్రం ముఖం చూడని పాటకి, సభలో చేతులు మారి చిరిగిపోయిన కరపత్రానికి ఆ ఓడలో చోటు తక్కువ.

డిగ్రీ విద్యార్థులకి ప్రత్యేకంగా కోర్సులు తయారైంది కూడా ఆ రోజుల్లోనే. చికాగోలో 1956లో 'భారతీయ నాగరికత పరిచయం' అని ఏడాది పొడుగునా నడిచే కోర్సు పెట్టారు. కొలంబియా యూనివర్సిటీ 1958లో డిగ్రీ పిల్లల కోసం 'సోర్సెస్ ఆఫ్ ఇండియన్ ట్రెడిషన్' అనే పెద్ద సంకలనం తెచ్చింది. వేదాలతో మొదలై రామ్మోహన్ రాయ్, దయానంద, వివేకానంద, గోఖలే, తిలక్, ఠాగూర్, గాంధీ, నెహ్రూల దాకా సాగే పుస్తకం. ఇక్బాల్, సయ్యద్ అహ్మద్ ఖాన్ కూడా ఉన్నారు. ఆ మొదటి ముద్రణలో అంబేడ్కర్‌కి మాత్రం ఒక అధ్యాయం లేదు.

కొలంబియా ఎవరి యూనివర్సిటీ? 1913లో అంబేడ్కర్ చేరింది అక్కడే. 1952లో ఆయనకి గౌరవ డాక్టరేటు ఇచ్చింది కూడా ఆ యూనివర్సిటీయే. ఆయన చనిపోయి రెండేళ్లు తిరక్కముందే 'భారతీయ సంప్రదాయం' పేరుతో వచ్చిన పాఠ్యపుస్తకంలో తన పూర్వ విద్యార్థికి ఒక అధ్యాయం ఇవ్వలేకపోయింది. సంపాదకులు కుట్ర చేశారని నేననను. సంప్రదాయం అంటే ఏమిటో వాళ్లకి చెప్పినవాళ్లు ఎవరో ఆలోచిస్తే చాలు. కాలేజీ మద్రాసులోదైనా న్యూయార్కులోదైనా, మూలగ్రంథాలు చూపించినవాళ్ల చూపే సిలబస్‌కీ చూపయింది.

ఫార్సీ చదివిన అంటరాని విద్యార్థి

ఇక మొదటి స్థానంలోకి వద్దాం. చదివేవాడి స్థానంలో ఒక దళితుడు కూర్చుంటే ఏమవుతుంది?

బొంబాయి హైస్కూల్లో అంబేడ్కర్ సంస్కృతం చదువుతానన్నారు. అంటరాని పిల్లాడికి సంస్కృతం చెప్పనన్నారు. రెండో భాషగా ఫార్సీ తీసుకోవాల్సి వచ్చింది. ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలోనూ ఫార్సీ చదివారు. 1912లో బి.ఎ. అయింది. సొంత దేశపు శాస్త్రభాషని అడిగితే పరాయి ప్రాంతపు భాష చేతిలో పెట్టిన విద్యావ్యవస్థ అది. ఆ శాస్త్రాల్లో ఏముందో చదవనివ్వకుండా ఆ శాస్త్రాల ప్రకారం మాత్రం బతకమంది. తర్వాత ఆయన సొంతంగా సంస్కృతం నేర్చుకున్నారు. ఆ శాస్త్రాలకి ఆయన ఏం జవాబు చెప్పారో మనకి తెలుసు.

కొలంబియాలో ఆయన తీసుకున్న కోర్సుల లెక్క ప్రచురితమైంది. అర్థశాస్త్రంలో 29, చరిత్రలో 11, సోషియాలజీలో 6, తత్వశాస్త్రంలో 5, ఆంథ్రొపాలజీలో 4, రాజకీయాల్లో 3, ఫ్రెంచి, జర్మన్ ఒక్కొక్కటి. ఒక్క డిగ్రీకి ఇన్ని కోర్సులు అక్కర్లేదు. ఆకలి మీదున్నవాడు తిన్నట్టు చదివారు. 1916 మే 9న ఆంథ్రొపాలజీ ప్రొఫెసర్ గోల్డెన్‌వైజర్ సెమినార్లో కులాల పుట్టుక మీద పేపరు చదివారు. కులం అంటే లోపలి వివాహాల కట్టడి అని, ఆ కట్టడిని నిలబెట్టడానికే సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం పనికొచ్చాయని వాదించారు. అప్పటికి ఆయనకి ఇరవై అయిదేళ్లు.

ఇక్కడ గమనించాల్సింది స్థానం. ఆ సెమినార్లో ఆయన నమూనాగా కూర్చోలేదు. మా వాడలో ఇలా ఉంటుందని సమాచారం ఇచ్చి ఊరుకోలేదు. అప్పటిదాకా కులం మీద రాసిన సెనార్, నెస్‌ఫీల్డ్, రిజ్లీ, కేట్కర్ల నిర్వచనాల్ని పరీక్షించి ఏది ఎక్కడ తప్పిందో చెప్పారు. కలెక్టర్లూ పండితులూ పోగేసిన జ్ఞానాన్ని మార్కులేసి తిప్పి పంపారు. ఏరియా స్టడీస్ అనే పేరు రాకముందే, ఆ చదువులో దళితుడు ఎక్కడ కూర్చోవాలో ఆయన చూపించారు.

మూడో స్థానంలో ఉన్నవాళ్లు

ఐతే ఆ తర్వాత మొదలైన పెద్ద వ్యవస్థ ఆ దారిని పోలేదు. 1950ల్లో కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు ఉత్తరప్రదేశ్‌లో గ్రామాల్ని అధ్యయనం చేశారు. బెర్నార్డ్ కోన్ అక్కడి చమార్ల మారుతున్న స్థితి మీద 1954లో డాక్టరేట్ పూర్తిచేశాడు. మంచి పరిశోధన. ఆయనే తర్వాత చికాగోలో ఉండి, వలస పాలకులు సెన్సస్ ద్వారా, భాషాబోధన ద్వారా ఇండియాని ఎలా పట్టుకున్నారో అందరికంటే నిశితంగా రాశాడు. పరిశోధకుడు ఎదిగాడు. తమ బతుకు చెప్పిన చమార్ల పిల్లలకి ఆ క్లాసులో సీటు దొరికిందా అనేది మాత్రం ఎవరూ అడగని ప్రశ్న.

మన ఉదాహరణ ఇంకా స్పష్టంగా ఉంటుంది. విస్కాన్సిన్ యూనివర్సిటీ అమెరికాలో తెలుగు చదువుకి పెద్ద కేంద్రమైంది. వెల్చేరు నారాయణరావు 1970ల మొదటి నుంచి దశాబ్దాలపాటు అక్కడ చెప్పారు. డిగ్రీ పిల్లల్ని ఏడాదిపాటు ఇండియాకి పంపే కార్యక్రమం 1960ల మొదట్లోనే ఆ యూనివర్సిటీ పెట్టింది. వెళ్లేముందు వేసవిలో భాష నేర్పుతారు. ఇక్కడికొచ్చాక ఒక్కో విద్యార్థీ ఒక్కో విషయం మీద సొంతంగా ఫీల్డ్‌వర్క్ చేయాలి. తెలుగు నేర్చుకున్నవాళ్లు విశాఖపట్నంలో, హైదరాబాద్‌లో ఉండి చదువుకున్నారు.

ఆ యూనివర్సిటీ నుంచి వచ్చిన జీన్ రోఘైర్ పల్నాటి వీరుల కథ మీద పనిచేసి 1982లో 'ది ఎపిక్ ఆఫ్ పల్నాడు' అనే పుస్తకం తెచ్చాడు. పల్నాటి కథ అనగానే మన విద్యావంతులకి శ్రీనాథుడు గుర్తుకొస్తాడు. కానీ ఆ కథని తరాలుగా మోసి కారెంపూడి వీరుల ఉత్సవాల్లో పాడుతున్నది మాల గాయకులు. వాళ్లని వీరవిద్యావంతులు అంటారు. బ్రహ్మనాయుడి చాపకూడూ మాల కన్నమదాసు వీరత్వమూ వాళ్ల గొంతులోనే బతికాయి. రోఘైర్ అచ్చు పుస్తకాన్ని వదిలి అలిశెట్టి గాలెయ్య పాడింది రికార్డు చేసుకుని దాన్నే అనువదించాడు. గాయకుడి పేరు పుస్తకంలో పెట్టాడు. మన తెలుగు శాఖలు ఆ గాయకుల్ని పట్టించుకున్న దానికంటే ఇది చాలా ఎక్కువ. ఒప్పుకోవాలి.

ఒప్పుకుని ఇంకో ప్రశ్న వేయాలి. వేల పంక్తుల కథని తలలో పెట్టుకున్న మనిషిని విద్యావంతుడని మన సమాజమే పిలిచింది. పేరులోనే విద్య ఉంది. ఆ విద్యకి ఇక్కడి యూనివర్సిటీలో కుర్చీ లేదు, అక్కడి యూనివర్సిటీలోనూ లేదు. కథ డిగ్రీ క్లాసుకి వెళ్లింది. కథకుడి కులంవాళ్లు ఆ క్లాసుకి వెళ్లలేదు. ఇందులో రోఘైర్ తప్పేమీ లేదు. మూడో స్థానం నుంచి రెండో స్థానానికి మెట్లు కట్టకుండా నడిచిన వ్యవస్థ సంగతి ఇది.

తెరుచుకున్న తలుపులు

తలుపులు అసలు తెరుచుకోలేదని చెప్తే అబద్ధమవుతుంది. ఎలినార్ జెలియట్ పెన్సిల్వేనియాలో అంబేడ్కర్, మహార్ ఉద్యమం మీద పరిశోధన చేసి 1969లో డాక్టరేట్ తీసుకున్నారు. నార్మన్ బ్రౌన్ శాఖ పెట్టిన యూనివర్సిటీయే అది. అప్పటికి ఇండియాలోనే పెద్ద చరిత్రకారులు అంబేడ్కర్‌ని పరిశోధనాంశంగా చూడటంలేదు. ఆ సిద్ధాంత గ్రంథం పుస్తకంగా రావడానికి 2000 దాటిపోయింది. ఆమె ఆ ఏడాది నుంచి 1997 దాకా మినెసోటాలోని కార్లటన్ కాలేజీలో చరిత్ర చెప్పారు. అది డిగ్రీ పిల్లల కాలేజీ. పుణెలో మరాఠీ నేర్చుకుంటూ ఉండటానికి వచ్చే అమెరికన్ డిగ్రీ విద్యార్థుల కార్యక్రమాన్ని కూడా ఆమె పలుసార్లు నడిపారు. కార్లటన్‌లోనే అంతకుముందు డిగ్రీ చదివిన గెయిల్ ఆమ్వెట్ బర్క్‌లీలో ఫూలే, సత్యశోధక్ ఉద్యమం మీద 1973లో డాక్టరేట్ చేశారు. 1983లో భారత పౌరసత్వం తీసుకుని 2021లో చనిపోయేదాకా ఇక్కడే ఉద్యమాల్లో ఉన్నారు. వసంత్ మూన్ ఆత్మకథని మరాఠీ నుంచి ఇంగ్లీషులోకి తెచ్చింది ఆమే.

వీళ్లిద్దరి పని ఒక సంగతి రుజువు చేస్తుంది. భాష ఎందుకు నేర్చుకున్నావు, ఎవరితో మాట్లాడటానికి నేర్చుకున్నావు అనేదాన్ని బట్టి ప్రాంతం మారిపోతుంది. అదే పుణె. ఒకరు అక్కడ పీష్వాల్ని చూస్తారు, ఇంకొకరు మహార్ వాడని చూస్తారు. వ్యాకరణం ఒక్కటే, గుమ్మాలు వేరు.

అయినా ఇది మనసున్న ఇద్దరు ముగ్గురి మీద ఆధారపడ్డ మార్పు. వాళ్లు రిటైరైతే కోర్సు ఉంటుందా పోతుందా అన్నది మళ్లీ శాఖ ఇష్టం. మార్పుని వ్యవస్థలో మేకు కొట్టి నిలబెట్టాలంటే ఇంకో దారి ఉంది. దాన్ని అమెరికాలోనే నల్లవాళ్లు చూపించారు.

అడిగి పెట్టించుకున్న చదువు

1968 నవంబర్ 6న శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో విద్యార్థులు సమ్మె మొదలుపెట్టారు. బ్లాక్ పాంథర్ పార్టీలో ఉన్న జార్జి ముర్రే అనే అధ్యాపకుణ్ణి సస్పెండ్ చేయడం వెంటనే కనపడే కారణం. నల్లజాతి విద్యార్థి సంఘం, మిగతా రంగుజాతుల విద్యార్థుల 'థర్డ్ వరల్డ్ లిబరేషన్ ఫ్రంట్' కలిసి నడిపాయి. వాళ్ల డిమాండ్లు చూడండి. తమ చరిత్ర చెప్పే శాఖ కావాలి. ఆ శాఖకి డిగ్రీ ఇచ్చే అధికారం ఉండాలి. అధ్యాపకుల్ని నియమించే హక్కు ఆ శాఖకే ఉండాలి. తమ జాతుల పిల్లలకి ఎక్కువ సీట్లివ్వాలి. పోలీసులు కొట్టారు, వందలమంది అరెస్టయ్యారు. సమ్మె 1969 మార్చి దాకా నడిచింది. ఆ ఏడాదే అక్కడ ఎత్నిక్ స్టడీస్ స్కూలు ఏర్పడింది. అమెరికాలో అలాంటిది అదే మొదటిది.

రెండు చదువుల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఏరియా స్టడీస్ పైనుంచి దిగింది. పరాయివాళ్లని తెలుసుకోవాలని ప్రభుత్వం అడిగింది, డబ్బిచ్చింది. ఎత్నిక్ స్టడీస్ కిందనుంచి లేచింది. మా గురించి మేమే చెప్తామని విద్యార్థులు అడిగారు, దెబ్బలు తిన్నారు. సిలబస్, సీటు, ఉద్యోగం మూడూ ఒకే డిమాండ్‌లో కలిపి అడగటం వాళ్ల తెలివి. సిలబస్‌లో చోటు ఇచ్చి క్లాసులో సీటు ఇవ్వకపోతే మళ్లీ మూడో స్థానమే మిగులుతుందని వాళ్లకి తెలుసు.

ఈ పాఠం మనకి కొత్త కాదు. ఫూలే 1873లో 'గులాంగిరీ'ని నల్లవాళ్ల బానిసత్వం పోగొట్టడానికి త్యాగాలు చేసిన అమెరికన్లకి అంకితమిచ్చాడు. అంబేడ్కర్ 1946లో డుబాయిస్‌కి ఉత్తరం రాసి, నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతి కావాలని అడిగారు. 1972లో బొంబాయిలో దళిత పాంథర్లు ఆ పేరు ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారో చెప్పనక్కర్లేదు. ఏ డిగ్రీ లేకుండానే మనవాళ్లు ఇంకో ప్రాంతం చరిత్రని అవసరం కొద్దీ చదువుకున్నారు.

ఈ ఒడ్డున

మరి ఇక్కడ పరిస్థితి? 1964లో ఉస్మానియా ఆవరణలో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ వచ్చింది. హైదరాబాద్‌లోనే 1958లో మొదలై 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయిన ఇంగ్లీషు, విదేశీ భాషల సంస్థలో అరబిక్, స్పానిష్, ఫ్రెంచి, జర్మన్, రష్యన్ లాంటి భాషల్లో బి.ఎ. ఉంది. ఢిల్లీ జె.ఎన్.యు.లోనూ డిగ్రీ స్థాయిలో విదేశీ భాషలున్నాయి. సెంట్రల్ యూనివర్సిటీల్లో ఎస్సీలకి 15, ఎస్టీలకి 7.5 శాతం రిజర్వేషన్ ఉంది. మన పిల్లలు ఎంతమంది అటువైపు చూస్తున్నారు? గురుకులంలో చదివిన పిల్లకి ఇంజనీరింగ్, నర్సింగ్, డి.ఎస్సీ. గురించి చెప్పేవాళ్లుంటారు. స్పానిష్ చదివి లాటిన్ అమెరికా చరిత్ర నేర్చుకోవచ్చని చెప్పేవాళ్లుండరు. అది పెద్దింటి పిల్లల చదువు అనుకుంటాం.

నిజానికి పరాయి ప్రాంతం మనకే ఎక్కువ తెలుసు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లొచ్చిన ఆడవాళ్లు అరబ్బీ మాట్లాడతారు. కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి దుబాయి వెళ్లినవాళ్లకి అక్కడి చట్టాలు, అక్కడి పెత్తందారీతనం ఒంటిమీద తెలుసు. వాళ్లలో దళితులు, బహుజనులు తక్కువేమీ కాదు. ఆ తల్లి అరబ్బీకి సర్టిఫికెట్ లేదు. ఆ తల్లి కూతురు అరబిక్‌లో బి.ఎ. చేసి, వలస కూలీల చరిత్ర రాస్తే ఆ ప్రాంతం పాఠం ఎలా ఉంటుందో ఆలోచించండి. ఎంబసీ కోసం రాసే పాఠంలా మాత్రం ఉండదు.

ఇలాంటి దారులు వెతుక్కోవాల్సిన కాలంలో ఉన్న దారిలో కంచె వేశారు. ఎస్సీ విద్యార్థులు విదేశాల్లో పి.జి., పిహెచ్.డి. చదవడానికి 1954-55 నుంచి జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. మొత్తం 125, అందులో ఎస్సీలకి 115. దేశం మొత్తానికి ఇంతే. 2022లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ దాని నిబంధనలు మార్చి భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద సామాజిక అధ్యయనాలకి ఈ స్కాలర్‌షిప్ ఇవ్వబోమంది. ఇండియా గురించి చదవాలంటే ఇక్కడే చదవొచ్చు కదా, ఇక్కడే ఆర్కైవులున్నాయి కదా అని అధికారులు సమర్థించుకున్నారు.

ఈ వాదన పైకి సబబుగానే కనపడుతుంది. దాని అర్థం విప్పి చూడాలి. డబ్బున్న అగ్రవర్ణ పిల్లలు కొలంబియాకో లండన్‌కో వెళ్లి భారతీయ సమాజం మీద పరిశోధన చేయొచ్చు. తెల్లపిల్లలు చేయొచ్చు. ప్రభుత్వ సాయంతో వెళ్లే దళిత విద్యార్థి మాత్రం కులం మీద చేయకూడదు. 1916 మే 9 నాటి పేపరు లాంటిది ఈ స్కాలర్‌షిప్ మీద వెళ్లే ఏ విద్యార్థీ రాయడానికి వీల్లేదన్నమాట. హైస్కూల్లో సంస్కృతం నిరాకరించినవాళ్ల వాదన కూడా ఇలాంటిదే: నీకు ఫార్సీ ఉంది కదా.

ఏం అడగాలి

ఈ చరిత్ర నుంచి తేలేవి కొన్ని ఉన్నాయి. ఒకటి, 2022 నిబంధన ఎత్తేయాలని అడగాలి. తన సమాజం గురించి ప్రపంచంలో ఏ క్లాసులోనైనా కూర్చుని మాట్లాడే హక్కు దళిత విద్యార్థికి ఉండాలి. రెండు, దక్షిణాసియా చెప్పే విదేశీ యూనివర్సిటీల్ని సిలబస్ ఒక్కటే అడిగి ఊరుకోకూడదు. దళిత ఆత్మకథ ఒకటి, దళిత కవిత నాలుగు అనువాదాలు పెట్టి సర్దుబాటు చేసే పద్ధతి ఉంది. ఎవరు చెప్తున్నారు, ఎవరు చదువుతున్నారు అని కూడా అడగాలి. మూడు, మన కాలేజీ టీచర్లు చేయగల పని. డిగ్రీ చేరబోయే మన పిల్లలకి ఆఫ్రికా, అరబ్బు, లాటిన్ అమెరికా చరిత్రలు, భాషలు కూడా చదువులేనని, వాటికి సీట్లున్నాయని, రిజర్వేషన్ ఉందని చెప్పాలి. బ్రెజిల్ నల్లవాళ్ల చరిత్రని పోర్చుగీసులో చదివి నేరుగా తెలుగులో రాసే మనిషి మనలోంచి రావాలి. ఇప్పటిదాకా లండనూ న్యూయార్కూ వడకట్టి పోసిందే తాగుతున్నాం.

నాలుగోది మన వాడల్లోనే ఉంది. వీరవిద్యావంతులు ఇంకా పాడుతున్నారు, చిందు, డక్కలి కళాకారులు ఇంకా చెప్తున్నారు. వాళ్ల దగ్గరికి టేపురికార్డరు పట్టుకుని విస్కాన్సిన్ నుంచి మనిషి వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మన డిగ్రీ పిల్లలు వెళ్లొచ్చు. వెళ్లేటప్పుడు ఇన్ఫార్మెంట్ అనే మాటని ఇంట్లో వదిలిపెట్టి వెళ్లాలి. వాళ్లని గురువుగారూ అని పిలవాలి, ఆ పిలుపుకి తగ్గ కుర్చీ, జీతం యూనివర్సిటీల్ని అడగాలి.